మూత్రాశయ క్యాన్సర్: బీసీజీ నడుస్తుండగా నాన్నగారికి పసుపు మాత్రలు, కషాయాలు ఇవ్వొచ్చా?

లంకలో_ఇల్లు · సోమవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. నాన్నగారికి 66 ఏళ్ళు. కొబ్బరి తోట, కొంచెం అరటి. సంక్రాంతి వెళ్ళాక ఓ రోజు మూత్రం ఎర్రగా వచ్చిందన్నారు. నొప్పి లేదు, మంట లేదు. "వేడి చేసిందమ్మా, చలవ చేస్తే పోతుంది" అని బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, రోజూ రెండు బొండాలు తాగారు. మూడు రోజుల్లో మామూలైపోయింది. రెండు నెలలకి మళ్ళీ వచ్చింది. ఈసారి గడ్డలు గడ్డలుగా. స్కానింగ్ తీస్తే మూత్రాశయంలో కండ పెరిగిందన్నారు.

కాకినాడలో టీయూఆర్‌బీటీ చేశారు. అంటే కోత లేకుండా మూత్రం దారిలోంచే వెళ్ళి ఆ కండని గీకి తీసేశారు. బయాప్సీలో హై గ్రేడ్ (త్వరగా పెరిగే రకం), టీ1 (లోపలి పొర దాటింది గానీ కండరం దాకా పోని దశ) అని వచ్చింది. నెల తర్వాత రెండోసారి గీకి చూసి, కండరంలోకి పోలేదని చెప్పారు. ఇప్పుడు బీసీజీ, అంటే క్షయ టీకా మందునే పైపుతో మూత్రాశయంలోకి పంపడం, వారానికొకటి చొప్పున ఆరు డోసులు. మొదటిది వచ్చే గురువారం.

విషయం ఏంటంటే, ఇల్లంతా మందులతో నిండిపోయింది. మేనత్తగారు పసుపు మాత్రలు తెచ్చారు, మిరియాల సారం కలిపినవట. బాబాయి లక్ష్మణఫలం ఆకులు ఎండబెట్టి తెచ్చారు. పక్కింటి మావయ్యగారు కొండపిండి, పల్లేరు కాయలు వేసి కాచిన కషాయం రోజూ చెంబుతో పంపుతున్నారు. ఎవరి ప్రేమ వాళ్ళది, కాదంటే మనసు కష్టపెట్టుకుంటారు. పెద్ద డాక్టరుగారిని అడిగితే "ఏం తిన్నా పర్లేదమ్మా" అని రెండు నిమిషాల్లో పంపేశారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. నిజంగా ఏది ఇవ్వొచ్చు, ఏది వద్దు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

రావులపాలెం_రైతు · సోమవారం రాత్రి 10:20

అమ్మా, ముందు మీరు బయాప్సీ దాకా వెళ్ళారు, అది చాలా మంచి పని. మా అన్నయ్యకి కూడా ఇలాగే నొప్పి లేకుండా ఎర్రగా వచ్చింది. ఏడాది పైన కషాయాలు తాగించాం. రక్తం ఆగినప్పుడల్లా కషాయం పనిచేసిందనుకున్నాం. ఈ జబ్బులో రక్తం దానంతటదే ఆగుతుందని, మళ్ళీ వస్తుందని మాకెవరూ చెప్పలేదు. వెళ్ళేసరికి కండరంలోకి దిగిపోయింది. మూత్రాశయం మొత్తం తీసేశారు. ఇప్పుడు పొట్టకి సంచి తగిలించుకునే చేలోకి వెళ్తున్నాడు. కషాయం వల్ల జబ్బు రాలేదు, ఆ మాట నేను అనను. ఏడాది కాలం మాత్రం దానివల్లే పోయింది.

పాలకొల్లు_మందులషాపు · సోమవారం రాత్రి 11:05

నేను ఫార్మసిస్టుని. మూడింటిలో నాకు ఎక్కువ భయం ఆ పసుపు మాత్రల మీదేనండి. కూరలో వేసే పసుపు గురించి కాదు.

పసుపు కొమ్ములో కర్క్యుమిన్ ఉండేది వందకి రెండు నుంచి ఐదు పాళ్ళు. మాత్రలో దాన్ని ఒక్కదాన్నే పిండి పెడతారు. అది పేగుల్లోంచి ఒంట్లోకి సరిగా ఎక్కదు కాబట్టి మిరియాల్లోని పైపరిన్ కలుపుతారు. పైపరిన్ కలిపితే రక్తంలోకి చేరే కర్క్యుమిన్ ఇరవై రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు వాళ్ళు చూపించారు. కంపెనీలు డబ్బా మీద గొప్పగా వేసుకునేది ఆ లెక్కే. అయితే పైపరిన్ ఆ పని ఎలా చేస్తుంది? మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే లివర్ పనిని నెమ్మది చేసి. అప్పుడు మీ నాన్నగారు వేసుకునే మిగతా మాత్రలు కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోవచ్చు. ఇలాంటి మాత్రలతో లివర్ దెబ్బతిన్న కేసులు ఈ మధ్య వైద్య పత్రికల్లో చాలా వస్తున్నాయి.

బీపీకి, షుగరుకి, రక్తం పలచబడడానికి ఏమైనా వాడుతున్నారా? పేర్లు రాయండి. ఇంకోటి, మళ్ళీ గీకాల్సి వస్తే, పసుపు మాత్రలు, వెల్లుల్లి క్యాప్సూల్స్ లాంటివన్నీ రెండు వారాల ముందే ఆపేయాలి. రక్తం గడ్డకట్టడానికి అడ్డు తగులుతాయి.

ప్రకృతి_బాట · మంగళవారం ఉదయం 6:15

అందరూ భయపెడుతున్నారు. నేను పదేళ్ళుగా ఆకులు, వేర్లతోనే ఆరోగ్యంగా ఉన్నాను. మన పెద్దవాళ్ళకి క్యాన్సర్లు ఎక్కడున్నాయి? పసుపు, ద్రాక్ష, గ్రీన్ టీ, బ్రాకలీ, వీటన్నిటికీ మూత్రాశయ క్యాన్సర్ కణాలను చంపే గుణం ఉందని పరిశోధనలు ఉన్నాయి. నేను చదివాను. బీసీజీ మానమని నేను అనడం లేదు. దానికి తోడుగా ఇవ్వడంలో తప్పేముంది?

కాకినాడ_లెక్చరర్ · మంగళవారం మధ్యాహ్నం 1:40

ప్రకృతి బాట గారూ, మీరు చదివినవి ఉన్నాయి, నిజమే. నేను కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను, ఆ పేపర్లు నేనూ చూశాను. వాటిలో చాలావరకు గాజు గిన్నెలో పెంచిన కణాల మీద చేసినవి. గిన్నెలో కణాలు మందులో మునిగి ఉంటాయి. మనిషిలో అసలు ప్రశ్న, తిన్నది మూత్రాశయం దాకా వెళ్తుందా లేదా అన్నది. మిగతా అవయవాలకి లేని ఒక వెసులుబాటు దీనికి ఉంది. మూత్రంలోకి ఏది వస్తే అది గంటల తరబడి ఆ గోడకి తగులుతూ ఉంటుంది.

ఈ లెక్కలో పసుపు ఓడిపోతుంది. 2001లో తైవాన్‌లో కర్క్యుమిన్‌ని మనుషులకి రోజుకి 8 గ్రాముల దాకా ఇచ్చి చూశారు. మూత్రాశయ క్యాన్సర్ తీయించుకున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఒంటికి పడింది, హాని కనబడలేదు. కానీ రక్తంలో చాలా కొద్దిగా తేలింది, మూత్రంలో అయితే పట్టుబడనే లేదు. ఎనిమిది గ్రాములు మింగినా మూత్రంలో లేదంటే, మూత్రాశయానికి నోటి ద్వారా పసుపు ఇవ్వడం చాలా దూరపు దారి అన్నట్టే. ఎలుకల్లో అయితే బీసీజీతో పాటు కర్క్యుమిన్ ఇచ్చినప్పుడు కణితి తగ్గిందని 2009లో ఒక పరిశోధన వచ్చింది. ఆశపడవచ్చు, కానీ ఎలుకల్లో పనిచేసిందల్లా మనుషుల్లో పనిచేయదు.

ఇప్పుడు ఆవాల సంగతి చెప్తాను. నాకు ఇష్టమైన విషయం ఇదే. మన గోదావరి వాళ్ళం పనసపొట్టు కూరలో, అరటికాయ కూరలో ఆవ పెడతాం కదా. పచ్చి ఆవాలు నీళ్ళు పోసి నూరగానే ముక్కులోకి ఘాటు కొడుతుంది. ఆవాల్లో సినిగ్రిన్ అని ఒకటి, దాన్ని విడగొట్టే ఎంజైమ్ ఒకటి వేర్వేరు అరల్లో ఉంటాయి. నూరితే రెండూ కలుస్తాయి, అప్పుడు పుట్టేదే ఆ ఘాటు. దాని పేరు అలైల్ ఐసోథయోసయనేట్. తాలింపులో చిటపటలాడించిన ఆవాల్లో వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది, అందుకే ఘాటు రాదు. ఈ ఘాటు పదార్థం ఒంట్లో ఎక్కువసేపు ఉండదు, చాలా భాగం మూత్రంలోకే వచ్చేస్తుంది. అంటే మూత్రాశయానికి నేరుగా చేరుతుంది. 2010లో అమెరికాలో ఎలుకలకి ఆవపిండి తినిపిస్తే మూత్రాశయంలో కణితి పెరుగుదల మూడో వంతు తగ్గింది, కండరంలోకి దిగకుండా ఆగింది. క్యాబేజీ, ముల్లంగి, బ్రాకలీ కూడా ఈ కుటుంబమే.

ఇక్కడితో ఆపితే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఇదే ఘాటు పదార్థాన్ని విడిగా, ఎక్కువ మోతాదులో, రెండేళ్ళ పాటు ఎలుకలకి పట్టిన ప్రయోగం 1982లో అమెరికా ప్రభుత్వం చేయించింది. మగ ఎలుకల మూత్రాశయంలోనే కణుతులు వచ్చాయి! పదార్థం అదే, అవయవం అదే, మోతాదు వేరు. అందుకని, ఆవ పెట్టిన కూర వండుకోండి, ఆవ నూనె సారం మాత్రలంటూ ఎవరైనా అమ్మితే మాత్రం కొనకండి.

కడియం_నర్సరీ · మంగళవారం సాయంత్రం 5:30

లక్ష్మణఫలం గురించి నేను రాస్తాను. మా కడియంలో నర్సరీ ఉన్న ప్రతివాడికీ ఈ మొక్క అనుభవమే. వాట్సాప్‌లో కీమో కంటే పదివేల రెట్లు అని ఒక మెసేజ్ తిరిగినప్పటి నుంచి రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చి అడుగుతున్నారు. నేనూ అమ్మాను. పండు కోసం పెంచుకుంటామంటే ఇప్పటికీ అమ్ముతాను. ఆకులు జబ్బుకి అని అడిగితే మాత్రం, మీ డాక్టరుని అడిగి రండి అంటున్నాను. బేరం పోతే పోయింది. ఒకాయన వాళ్ళావిడకి కీమో ఆపేసి మరీ ఆకు తీసుకెళ్ళాడు, ఆ ముఖం నాకు ఇంకా గుర్తుంది.

కాకినాడ_లెక్చరర్ · మంగళవారం సాయంత్రం 6:10

మీకు దండాలండి. లక్ష్మణఫలంలో ఆనోనాసిన్ అనే పదార్థం నరాలకి మంచిది కాదు. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఆ పండు, ఆకు టీ ఎక్కువ తీసుకునేవాళ్ళలో పార్కిన్సన్ లాంటి వణుకు జబ్బు కనబడుతోందని 1999లోనే బయటపెట్టారు. ఎప్పుడైనా ఒక పండు తినడం వేరు, రోజూ ఆకు కషాయం తాగడం వేరు.

ప్రకృతి_బాట · మంగళవారం రాత్రి 8:45

మరి బిళ్ళ గన్నేరు? దాని నుంచే క్యాన్సర్ మందు తీశారని ఇంగ్లీషు వైద్యులే ఒప్పుకుంటారు కదా. అది మన పెరట్లోనే ఉంది. ఆకు కషాయం కాచుకుంటే సరిపోదా?

పాలకొల్లు_మందులషాపు · మంగళవారం రాత్రి 9:20

దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు! బిళ్ళ గన్నేరు నుంచి 1958లో కెనడాలో విన్‌బ్లాస్టిన్ తీశారు, నిజమే. షుగరు వ్యాధికి పనికొస్తుందేమోనని చూస్తుంటే తెల్ల రక్తకణాలు పడిపోయాయట, అలా దొరికింది. కండరంలోకి పోయిన మూత్రాశయ క్యాన్సర్‌కి 1980ల నుంచి ఇచ్చే నాలుగు మందుల కీమోలో అదొకటి. ఒక్క గ్రాము మందు తీయాలంటే వందల కిలోల ఎండు ఆకు కావాలి. నరంలోకి ఎక్కించేటప్పుడు మిల్లీగ్రాముల్లో కొలుస్తారు, ప్రతిసారీ ముందు రక్తపరీక్ష చేస్తారు. మీ గిన్నెలో ఎంత దిగిందో ఎవరు కొలుస్తారు? అందులో ఇంకా డెబ్బైకి పైగా ఆల్కలాయిడ్లు (మందుగానో విషంగానో పనిచేసే మొక్క రసాయనాలు) ఉన్నాయి, అవీ దిగుతాయి.

మొక్కల మీద మాకేం పగ లేదండి. ఈ షాపులో నేనమ్మే మందుల్లో ఎన్నో చెట్ల నుంచి వచ్చినవే. టాక్సాల్ అనే క్యాన్సర్ మందు కూడా ఒక చెట్టు బెరడు నుంచి వచ్చిందే.

ద్రాక్షారామం_వైద్యుడు · బుధవారం ఉదయం 7:30

నేను ఆయుర్వేద డాక్టరుని, ఇరవై ఏళ్ళ ప్రాక్టీసు. నా వైపు నుంచి ఒకటి రెండు మాటలు రాయాలి.

కొండపిండి, పల్లేరు మూత్రం బాగా రావడానికి మన వైద్యంలో వాడేవే. రాళ్ళకి, మంటకి నేనూ ఇస్తాను. అయితే బీసీజీ వేసే రోజుల్లో వద్దు. బీసీజీ మూత్రాశయంలో రెండు గంటలు నిలబడాలి. చెంబెడు కషాయం తాగి వెళ్తే మందు పలచబడిపోతుంది, ఆయన ఆపుకోలేరు. ఆ రెండు గంటలూ ఆ మందుకి చాలా విలువైనవి. కాబట్టి ఆ ఆరు వారాలు కషాయం ఆపమని మీ మావయ్యగారితో నా మాటగా చెప్పండి. ఆయుర్వేద డాక్టరు చెప్పాడంటే నొచ్చుకోరు.

రెండో మాట ఇంకా గట్టిగా చెప్పాలి. గాడిదగడపాకు, ఈశ్వరి వేరు. మన పొలం గట్ల మీద దొరికేవే. నులిపురుగులకని, పాము కాటుకని పూర్వం వాడేవారు. వీటిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. బెల్జియంలో 1990ల మొదట్లో సన్నబడే మాత్రల్లో ఈ జాతి మొక్క పొరపాటున కలిసి, వంద మంది దాకా ఆడవాళ్ళకి కిడ్నీలు పాడైపోయాయి. ఆ తర్వాత కిడ్నీలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ బయటపడింది. మీ నాన్నగారికి వచ్చిన క్యాన్సరూ అదే రకం పొరలో పుట్టేది. ఎవరైనా నాటు వైద్యుడు పేరు చెప్పకుండా పొడి ఇస్తే నోట్లో పెట్టనివ్వకండి. ప్రకృతి సిద్ధమైనదే ఈ జబ్బు తెచ్చిపెట్టగలదు.

భస్మాల సంగతి కూడా ఇంతే. 2004లో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో కనబడ్డాయి. మా శాస్త్రం మీద గౌరవం ఉన్నవాళ్ళమే ఈ మాట ముందు చెప్పాలి.

నేను క్యాన్సర్ రోగులకి ఇచ్చేవి వేరు. ఆకలి పుట్టడానికి అల్లం, సొంఠి, మలబద్ధకానికి ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళు, నిద్రకి వేడి పాలు. అదీ వాళ్ళ డాక్టరుకి రాసి పంపాకే.

నిర్వాహకులు · బుధవారం ఉదయం 11:00

ఫోన్ నంబరు ఇచ్చి "21 రోజుల్లో క్యాన్సర్ మాయం" పొడి అమ్ముతున్న ఒక పోస్టు తీసేశాం. ఈ చర్చలో అమ్మకాలు వద్దు.

భీమవరం_కోడలు · బుధవారం మధ్యాహ్నం 3:15

అక్కా, మా మామయ్యగారికి రెండేళ్ళ కింద ఇదే కోర్సు అయింది. అందరూ మొక్కల గురించి రాస్తున్నారు, నేను బీసీజీ డోసు రోజు గురించి రాస్తాను.

పొద్దున్న కాఫీ తగ్గించండి. డోసుకి నాలుగు గంటల ముందు నుంచి నీళ్ళు కూడా బాగా తగ్గించమంటారు. పైపు పెట్టి మందు లోపలికి పంపి, పైపు తీసేస్తారు. ఇంటికొచ్చాక ఆరు గంటల పాటు కూర్చునే మూత్రానికి వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ బ్లీచింగ్ నీళ్ళు రెండు కప్పులు పోసి, పావుగంట ఆగి అప్పుడు నీళ్ళు కొట్టాలి. అది బతికున్న క్రిమి కదా. 1976లో కెనడాలో ఒక డాక్టరు, క్షయ టీకా క్రిమినే మూత్రాశయంలోకి పంపి, ఒంట్లో రక్షణ బలగాన్ని అక్కడికి రప్పించాడట. అందుకే రెండు రోజులు మంట, కొంచెం జ్వరం వస్తాయి. జ్వరం బాగా ఎక్కువైనా, రెండు రోజులు దాటినా ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి. మేము ఒకసారి "మామూలే" అనుకుని మూడు రోజులు ఆగాం, తర్వాత చాలా భయపడ్డాం. మర్నాటి నుంచి మాత్రం నీళ్ళు బాగా తాగించండి.

కొబ్బరి నీళ్ళ గురించి ఒక మాట. కోనసీమలో మీకది మంచినీళ్ళతో సమానం. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) మామూలుగా ఉంటే పర్లేదు. కిడ్నీ మీద భారం ఉంటే బొండాల్లో పొటాషియం ఎక్కువ, మాకు డాక్టరు వద్దన్నారు. రిపోర్టు చూసుకోండి.

లంకలో_ఇల్లు · బుధవారం రాత్రి 10:10

అందరికీ చేతులెత్తి నమస్కారమండి. క్రియాటినిన్ 1.1 ఉంది. బీపీ మాత్ర ఒక్కటే వాడుతున్నారు, అమ్లోడిపిన్.

ఒక విషయం మొదట రాయలేదు. రాయడానికి బాధేసింది. నాన్నగారు యాభై ఏళ్ళుగా చుట్ట కాలుస్తారు. మా తాతగారు లంక పొగాకు పండించేవారు, ఇంట్లోనే చుట్టలు చుట్టేవారు. నాన్నగారికి అది చిన్నప్పటి వాసన. ఆపరేషన్ తర్వాత తగ్గించారు గానీ, సాయంత్రం ఏటిగట్టు మీదకి వెళ్ళి ఒకటి కాలుస్తున్నారు. అందరూ ఆకులు, వేర్లు తెస్తున్నారు, ఎవరూ చుట్ట మాట ఎత్తడం లేదు. నేనూ ఎత్తలేదు.

కాకినాడ_లెక్చరర్ · బుధవారం రాత్రి 10:55

అమ్మా, చెప్పినందుకు సంతోషం. మొత్తం చర్చలో ఇదే పెద్ద విషయం. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగే కారణం. పొగలోని ఆరోమాటిక్ ఎమీన్లు అనే క్యాన్సర్ తెచ్చే రసాయనాలు ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, కిడ్నీల్లోంచి మూత్రంలోకి వచ్చి, ఆవ ఘాటు చేరినట్టే మూత్రాశయం గోడని తాకుతూ ఉంటాయి. రబ్బరు, రంగుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి ఈ జబ్బు వచ్చేదీ వీటివల్లే. ఇప్పుడు మానినా లాభం ఉంది, మానకపోతే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. పసుపు మాత్ర ఇవ్వాలా వద్దా అన్నదాని కంటే ఆ సాయంత్రం చుట్ట ముఖ్యం.

ద్రాక్షారామం_వైద్యుడు · గురువారం ఉదయం 5:50

కోప్పడకండి. చుట్ట టైముకి మీరే ఆయనతో గట్టు మీదకి వెళ్ళండి. నోట్లో లవంగమో సోంపో ఉంచండి. నికోటిన్ బిళ్ళలు షాపుల్లో దొరుకుతాయి, సిగ్గుపడకుండా అడగండి.

ప్రకృతి_బాట · గురువారం ఉదయం 6:40

నేను మొక్కల మీద నమ్మకం వదులుకోను. కానీ గాడిదగడపాకు సంగతి నాకు నిజంగా తెలియదు. మా ఇంట్లో ఎండబెట్టి ఉంది, ఈరోజే పారేస్తాను. అమ్మా, మీ నాన్నగారికి మేలు జరగాలి.

లంకలో_ఇల్లు · మూడు వారాల తర్వాత, శుక్రవారం సాయంత్రం 7:20

నిన్న మూడో డోసు అయింది. మొదటి రెండింటికీ ఒక రాత్రి జ్వరం, మంట. నిన్నటిదానికి మంట కొంచెం ఎక్కువ, ఈ ఉదయానికి తగ్గింది.

పసుపు మాత్రల డబ్బా మేనత్తగారికి తిరిగిచ్చాను. పాలకొల్లు వారు రాసింది చదివి వినిపిస్తే, తనూ మోకాళ్ళ నొప్పులకి అవే వేసుకుంటున్నానని చెప్పి, తనే ఆపేశారు. కషాయం సంగతి మావయ్యగారికి "ఆయుర్వేద డాక్టరుగారి మాట" అని చెప్పాను. ఆరు వారాలయ్యాక మళ్ళీ అడుగుతానన్నారు. లక్ష్మణఫలం ఆకులు బాబాయికి తెలియకుండా కొబ్బరి చెట్టు మొదట్లో వేసేశాను, ఆయనకి ఇంకా చెప్పలేదు.

ఆదివారం పనసపొట్టు కూర ఆవ పెట్టి చేశాను. నాన్నగారు ఆపరేషన్ తర్వాత మొదటిసారి రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. చుట్ట పదకొండు రోజులుగా లేదు. నిన్న గట్టు మీద నా చెయ్యి పట్టుకుని "వాసనకైనా ఒకటి జేబులో ఉంచుకోనా అమ్మా" అని అడిగారు. వద్దన్నాను. సరే అన్నారు.

ఆరు డోసులయ్యాక మూడు నెలల సిస్టోస్కోపీ, అంటే మూత్రం దారిలోంచి కెమెరా పంపి మూత్రాశయం చూడడం. తేదీ ఇంకా ఇవ్వలేదు, సోమవారం ఫోన్ చేసి కనుక్కుంటాను. భీమవరం చెల్లీ, మామయ్యగారికి అప్పుడు మత్తు ఇచ్చి చేశారా, జెల్ పెట్టి చేశారా? నాన్నగారు దాని గురించే అడుగుతున్నారు.

భీమవరం_కోడలు · శుక్రవారం రాత్రి 8:05

జెల్ పెట్టే చేశారక్కా, ఐదారు నిమిషాలు. మామయ్యగారు టీవీలో తన మూత్రాశయం తనే చూసుకున్నారు. మీ నాన్నగారిని మాట్లాడమంటే మామయ్యగారితో మాట్లాడిస్తాను, మెసేజ్ పెట్టండి.